వాసన చూసిన పువ్వు

కాకా పోయాడట.

పోయిన బుధవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసినవాడు జగిత్యాల వైపు మనిషి, ఒకప్పుడు మస్కట్‌లో మా క్యాంపు మెస్సులో వడ్డన చేసేవాడు. ఏడాదికోసారి దసరా నాడు ఫోన్ చేసి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి పెట్టేస్తాడు. దసరా కాని రోజు అతని గొంతు వినపడగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నేను పుట్టు భయస్తుణ్ణి. తలుపు గట్టిగా కొడితే చాలు, ఇంట్లో అందరినీ ఒకసారి లెక్కపెట్టుకుంటాను.

"కాకా పోయిండు సారూ. నిన్ననే దినాలు జేసిండ్రు" అన్నాడు.

కాకా మాలో ఎవరికీ చుట్టం కాడు. ఆ వైపు వాళ్ళు బాబాయిని కాకా అంటారు కాబట్టి క్యాంపులో ఆయన అందరికీ కాకా. నేను తెనాలి వాణ్ణి, నా నోటికి బాబాయ్ అనే వచ్చేది. ఆయన నన్ను 'ఇస్టోరు సారూ' అనేవాడు, స్టోర్ కీపర్ని గనక. ఆయనకొక చక్కటి పేరుంది. ఇక్కడ రాయను. నేను చెప్పబోయే సంగతి పక్కన తన పేరు ఉండకూడదనే ఆయన మూడేళ్ళపాటు ప్రాణాలు ఉగ్గబట్టుకుని బతికాడు.

డెబ్భైల్లో సంగతి. మస్కట్ పక్కన రూవి అప్పుడప్పుడే ఊరవుతోంది. అక్కణ్ణించి వాదీ కబీర్ వైపు పోతుంటే నల్లకొండల మధ్య మా రేకుల క్యాంపు. రోడ్లు వేసే ఇటలీ కంపెనీ. మేకుల దగ్గర్నించి బంగాళాదుంపల దాకా అన్నిటి తాళాలూ నా నడుముకే ఉండేవి. కంపెనీ మెస్సులో వంట కాకాది.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కనపడేది మూత. ఇంటి నుంచి తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్న గంటె ఒకటి ఉండేది, చెక్కపిడిది, మూరెడు పొడుగు. దాని కొసతో పప్పు గుండిగ మూత లేపి, కళ్ళు మూసుకుని, పొట్ట లోపలికి పోయేట్టు గాలి పీల్చి, "ఆహా" అనేవాడు. సైటు నుంచి ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి వరసలో నిలబడ్డవాళ్ళకి ఆ 'ఆహా'తోనే సగం ఆకలి తీరేది, మిగతా సగం రెట్టింపయ్యేది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళయితే ఆ మూత తీసే వేళకి కావాలని దగ్గరికొచ్చి నిలబడేవాళ్ళు.

ఇంకొకటి సబ్బు నురగ. పొద్దున్నే గ్యాసు సిలిండరు మెడకీ, రబ్బరు గొట్టానికీ వేళ్ళతో సబ్బు నురగ పూసి, బుడగ వస్తుందేమోనని కళ్ళు చికిలించి చూసేవాడు. మిగతా మెస్సుల్లో గ్యాసు కారితే ముక్కు చెప్పేది. ఈయన సిలిండరుకి పసుపూ కుంకం పెట్టినంత నిష్ఠగా రోజూ నురగ పెడుతుంటే నేను నవ్వుకునేవాణ్ణి. మనిషి నాకంటే పిరికివాడనుకుని లోలోపల కొంత సంతోషించాను కూడా.

మా పెద్ద ఇంజనీరు జెనోవా వాడు. సముద్రం ఒడ్డున ఓడల ఊరట అది. వస్తూ వస్తూ పాలరాతి రోలు ఒకటి చెక్కపెట్టెలో మోసుకొచ్చాడు. దాని అంచుకి నాలుగు చెవులు, పైన చెక్క రోకలిబండ. వాళ్ళమ్మదట, అంతకుముందు వాళ్ళ అమ్మమ్మదట. శుక్రవారం సెలవు గనక శుక్రవారం మధ్యాహ్నం అతనికి ఆ రోట్లో నూరిన పచ్చడి కావాలి. పెస్తో అంటారు దాన్ని. కాకాకి నేర్పడానికి మొదటి శుక్రవారం తనే చొక్కా చేతులు మడుచుకుని వంటింట్లోకొచ్చాడు. అతని ఇంగ్లీషు అంతంతమాత్రం, కాకాకి అదీ లేదు. మధ్యన నేను.

ముందు వెల్లుల్లి, రాళ్ళుప్పు. అవి పేస్టయ్యాక బాసిల్ ఆకు. ఆకుని కడిగి, గుడ్డమీద ఆరబెట్టి, చెమ్మ లేకుండా వెయ్యాలి. దంచకూడదు. కుడిచేత్తో బండని రోటి గోడకి ఆనించి తిప్పుతుంటే ఎడంచేత్తో చెవి పట్టుకుని రోలుని ఎదురు దిక్కుకి తిప్పాలి. గట్టిగా కొడితే ఆకు వేడెక్కి నల్లబడుతుంది. తరవాత పైన్ గింజలు, మత్రా బజారులో చిల్గోజా అని అమ్మేవారు. తరవాత రెండు రకాల ముసలి జున్ను, అంటే బాగా మాగిన చీజు, తురుము, ఒకటి ఆవుది, ఒకటి గొర్రెది. ఆఖర్న ఆలివ్ నూనె, బొట్టుబొట్టుగా. పొయ్యి ఎక్కించకూడదు. ఉడికించిన పాస్తా పిండిచుట్టల్లో బంగాళాదుంప ముక్కలూ బీన్సూ కలిపి, ఆ ఉడికిన నీళ్ళే ఒక గరిటెడు పోసి పచ్చడిని జారుగా చేసి పైన వెయ్యాలి.

నూరుతున్నంతసేపూ ఇంజనీరు దాని కథ చెప్పాడు. మొదట్లో ఇందులో ఆకే లేదట. వెల్లుల్లి, ఆక్రోటు, వెనిగరు నూరుకునేవారట, ఓడల మీద నెలల తరబడి ఉప్పుచేపలు తినే జనానికి నోరు బాగుపడాలని. రోములో పూర్వం రైతులు వెల్లుల్లీ జున్నూ పచ్చాకులూ కలిపి నూరుకునేవారని కూడా అన్నాడు. ఈ ఆకు వచ్చి చేరింది చాలా తరాల తరవాతేనట. కొండవాలులో, సముద్రం గాలి తగిలే చోట, బొటనవేలి గోరంత ఆకుగా ఉన్నప్పుడే తుంచాలట.

నేను తెలుగులో చెప్పాను. కాకా బండ ఆపకుండా విన్నాడు.

"గంతేనా? మా కాడ పుంటికూర నూరినట్టే ఉన్నది. మిరపకాయ మర్చిపోయిండ్రు పాపం" అన్నాడు. పుంటికూరంటే మన గోంగూర.

నేను ఆ చివరి మాట తర్జుమా చెయ్యలేదు.

ఆకు మాత్రం పేచీ పెట్టింది. ఒమాన్‌లో రైహాన్ అని ఇంటింటా ఉంటుంది, మన రుద్రజడ జాతి. కానీ దాని ఆకు ముదిరితే పుదీనా వాసన కొడుతుందని ఇంజనీరు ఒప్పుకోలేదు. జెనోవా నుంచి విత్తనాలు తెప్పించి, బర్కాలో ఖర్జూరం తోటలో పనిచేసే నిజామాబాద్ మనిషి చేత ఒక మడి వేయించాడు. గురువారం సాయంత్రం కూరగాయల బండిలో తడిగోనె కప్పిన బుట్ట వచ్చేది. మొదటి బుట్ట వచ్చిన రోజు దాంట్లోంచి ఒక ఆకు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి కాకా ముక్కు దగ్గర పెట్టాడు ఇంజనీరు.

"వాసన చూడమను. పుదీనా తగులుతోందా, శుభ్రంగా ఉందా? ప్రతివారం ఇతనే చూసి నిర్ణయించాలి."

కాకా ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"సారూ, మేం వాసన సూడమని చెప్పు. వాసన సూసిన పువ్వు దేవునికి పనికొస్తదా? తినేటోనికి పెట్టకముందు మేం వాసన సూడం, ఎంగిలి జెయ్యం."

మాట నిజమే. పూజకి కోసిన పువ్వుని మా అమ్మ కూడా ముక్కు దగ్గరికి రానిచ్చేది కాదు. అయితే గుండిగ మూత తీసి లోకమంతా వినేట్టు 'ఆహా' అనే మనిషికి ఈ మడి ఎప్పట్నించి వచ్చిందో నాకు అర్థం కాలేదు. అయినా తర్జుమా చెయ్యడం నా పని. ఇంజనీరు మొహం వెలిగిపోతుంటే నాకూ హుషారొచ్చింది. దేవుడికి పెట్టాక మాత్రం ఆ పువ్వు ప్రసాదమనీ, అప్పుడు కళ్ళకద్దుకుని వాసన చూస్తే పుణ్యమనీ నా సొంతంగా నాలుగు మాటలు చేర్చాను. ఇంజనీరు అదంతా నోటుబుక్కులో రాసుకున్నాడు. వాళ్ళమ్మకి ఉత్తరం రాశాడు. మిగతా ఇటలీ వాళ్ళందరికీ చెప్పుకున్నాడు, మా వంటవాడు వంటని దేవుడికి పెట్టినట్టు పెడతాడని.

రెండు నెలలు గడిచాయేమో. ఒక రోజు మధ్యాహ్నం భోజనాల వేళకి ముందు, ఉల్లిపాయల బస్తాలు చూసుకుందామని వంటింటి వైపు వెళ్ళాను. ఇరవై గజాల దూరం నుంచే మాడు వాసన. పప్పు అడుగంటిపోయింది. లోపలికెళ్ళేసరికి కాకా నన్ను చూసి నవ్వి, గంటె కొసతో మూత లేపి, కళ్ళు మూసుకుని, పొట్టనిండా గాలి పీల్చి "ఆహా" అన్నాడు.

నేను పొయ్యి కట్టేశాను. ఆయన కళ్ళు తెరిచి నా చెయ్యి చూశాడు, గుండిగలోకి చూశాడు, గంటె పెట్టి అడుగు గీకాడు. నల్లటి చెక్క పైకొచ్చింది. అక్కడే బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

ఒమాన్ వచ్చిన మూడో నెల్లో సైటులో స్కాఫోల్డింగు పైపు పడిందట తల వెనక. నెత్తురు పెద్దగా రాలేదు. వారం తరవాత లేచి కూర్చుంటే లోకంలో వాసనలన్నీ పోయాయి. ఉప్పు తెలుసు, పులుపు తెలుసు, కారం తెలుసు. అంతే. ఎత్తుకి ఎక్కితే కళ్ళు తిరుగుతున్నాయని కంపెనీ మెస్సుకి మార్చింది, ఊళ్ళో పెళ్ళిళ్ళకి వండేవాడని ఎవరో చెబితే. ముక్కు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

"కంపెనీ పంపిస్తే పంపనియ్యి సారూ. దానికి నేను భయపడ. ఇంటికాడ దెల్వద్దు. మా సుట్టు పది ఊర్లల్ల పెండ్లంటే, పందిరిగుంజ పాతంగనే నా దగ్గరికొస్తరు. ఈ మెస్సుల సగం మంది మా దిక్కోల్లే. ఒక్కనికి తెలిస్తే వచ్చే నెల ఉత్తరంల ఊరంత తెలుస్తది. ముక్కు లేని వంటోనికి గంటె ఎవడిస్తడు? గంటె లేకుంటే ఇగ నేనేంది?"

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నేనున్నాను కదా బాబాయ్, నా ముక్కు నీదే అనుకో" అనేశాను. మాటవరసకి అన్నదే. ఆయన దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

అప్పట్నించి నాకు గురువారాలంటే దడ. బండి రాగానే ఆయన బుట్ట తీసుకుని, స్టోరుకి ఉప్పు కోసం వచ్చినట్టు వచ్చేవాడు. గోనె తీసి ఒక ఆకు నలిపి అందించేవాడు. నేను వాసన చూసి, పుదీనా లేదు, బాగుంది అనేవాణ్ణి. నూనె పీపా కొత్తది తెరిస్తే కనరు వాసన ఉందేమో నేనే చూడాలి. జున్ను నేనే. పాలు నేనే. గ్యాసు కూడా, సబ్బు నురగ మీద ఆయనకి పూర్తి నమ్మకం లేదు. రూవికి సామాన్లకి వెళ్ళినా నా ధ్యాసంతా ఇక్కడే. ఇంతలో ఏ పాలు విరిగాయో, ఏ పప్పు మాడిందో. బైజా బస్సు, అంటే చిల్లర డబ్బులకి ఎక్కించుకునే వ్యాను, ఆలస్యమైతే ఆ డ్రైవర్ని మనసులో నానా తిట్లూ తిట్టేవాణ్ణి. భయం ఆయనది, నిద్రపట్టనిది నాకు.

అయితే ఒకటి చెప్పాలి. ఆ పచ్చడి నూరడంలో ఆయనంతటి మనిషిని నేను చూడలేదు. ముక్కు చెప్పనిదంతా చెవితో వినేవాడు. రోటి మీదికి తల వంచి, కుడిచెవి దగ్గరగా పెట్టి తిప్పేవాడు. "ఇంటున్నవా? మొదలు గరగర అన్నది. ఇప్పుడు సప్పుడు మెత్తవడ్డది. ఇగ గింజలెయ్యాలె" అనేవాడు. వేలికి రాసుకుని వెలుగులో పెట్టి పచ్చదనం చూసేవాడు. రోలు వేడెక్కకుండా ముందే కుండనీళ్ళతో తడిపి తుడిచేవాడు. ఇంజనీరు తింటూ కళ్ళు మూసుకునేవాడు. కాకా తలుపు పక్కన నిలబడి, అతను కళ్ళు తెరిచేదాకా తువ్వాలు మెలితిప్పుతూ ఉండేవాడు. అతను తలాడిస్తే నాకూ ఊపిరాడేది.

జనవరిలో ఇంజనీరు వాళ్ళమ్మ కొడుకుని చూడ్డానికి వస్తోందన్నారు. ఆ రోలు ఆమెదే. శుక్రవారం భోజనానికి పెస్తో, తనే రుచి చూస్తుందట, వాసన చూడకుండా వండే వంటవాణ్ణి చూస్తుందట. ఆ వారమంతా కాకా సరిగ్గా తినలేదు. "నువ్వున్నవు గద సారూ" అని రోజుకి పదిసార్లు అనేవాడు.

మంగళవారం నాకు పడిశం పట్టింది.

ఆ చలికాలంలో అందరికీ పట్టేదే. బుధవారానికి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. మిరియాలు నమిలాను, ఆవిరి పట్టాను, గురువారానికి తగ్గుతుందిలే అనుకున్నాను. గురువారం సాయంత్రం కాకా బుట్ట పట్టుకుని వచ్చేసరికి నా ముక్కు గోడకి కొట్టిన మేకు కంటే పనికిమాలినదై ఉంది.

"సారూ, జెర మంచిగ సూడు. ఆకు ఎప్పటి లెక్క లేదు. నున్నగ ఉంటుండె, ఇది గరుకుగున్నది. సన్నగున్నది" అన్నాడు. ఆకు నలిపి ఇచ్చాడు.

నేను చూశాను. ఏమీ లేదు. ఉత్త గాలి. ఇంకోసారి చూశాను. అప్పుడు నాకు పడిశం, ఏమీ తెలియడం లేదు అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఎందుకు అనలేదో ఇన్నేళ్ళు ఆలోచించినా ఒక్క కారణం తేలలేదు. ఆయన మొహంలో ఆ ఆశ చూసి అనలేకపోయాను. నేనే దిక్కైన చోట నేను పనికిరానని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. ఇన్ని వారాలు ఎప్పుడూ బాగానే ఉంది కదా, ఈ వారం మాత్రం ఏమవుతుందిలే అనీ అనిపించింది.

"అదే ఆకు బాబాయ్. చలికి అట్లా అయ్యుంటుంది. బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

ఆయన నా మొహంకేసి ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. తరవాత బుట్ట మీద గోనె కప్పుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం. బల్ల దగ్గర ఇంజనీరు, ఎదురుగా వాళ్ళమ్మ. నల్లగౌనులో చిన్న ముసలమ్మ, తెల్లజుట్టు ముడి. వడ్డించడానికి జగిత్యాల వాళ్ళిద్దరు, అందులో చిన్నవాడే ఇప్పుడు ఫోన్ చేసినవాడు. తలుపు దగ్గర నేను. వంటింటి గుమ్మంలో కాకా, చేతిలో తువ్వాలు.

ఆవిడ ఫోర్కుకి చుట్టుకుని నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. ఫోర్కు కింద పెట్టి, పచ్చడి గిన్నె ముక్కు దగ్గరికి తీసుకుని, వాళ్ళ భాషలో నెమ్మదిగా ఏదో అంది. ఇంజనీరు తనూ రుచి చూశాడు. అతని మెడ ఎర్రబడింది.

"ఇది నా ఆకు కాదు. లవంగం కొడుతోంది. అతన్ని పిలువు. వాసన చూడమను" అన్నాడు నాతో.

కాకా వచ్చాడు. నేను చెప్పాను. "మేం వాసన సూడమని చెప్పు సారూ" అన్నాడు, అలవాటుగా.

ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. "పెట్టకముందే కదా చూడకూడనిది? పెట్టడం అయింది. అమ్మ తిన్నది. ఇప్పుడు చూడొచ్చు, చూస్తే మంచిదని కూడా నువ్వే చెప్పావు."

తెలుగులో కాకాకి చెప్పాల్సింది కూడా నేనే. "పెట్టాక చూడొచ్చని నేనే చెప్పాను బాబాయ్, అప్పుడు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. వడ్డించేవాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. నిన్న ఇస్టోరు సారు చూసి బాగుందన్నడు అని ఆయన ఒక్క మాట అనొచ్చు. అంటాడనే నేను భయపడ్డాను. అనాలని కూడా లోపల ఒక మూల ఉంది.

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని గిన్నె రెండు చేతుల్తో అందుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పొట్ట లోపలికి పోయేట్టు గాలి పీల్చాడు. మేమంతా ఆ 'ఆహా' కోసం చూస్తున్నాం. అది రాలేదు. గిన్నె మెల్లిగా బల్ల మీద పెట్టాడు.

"సారూ, ఆయనకు చెప్పు. నాకు వాసన రాదు. మూడేండ్లాయె, నెత్తికి పైపు తాకినకాడికెల్లి. ఆకు తప్పయితే తప్పు నాదే."

నీళ్ళ జగ్గు పట్టుకున్నవాడి చెయ్యి ఆగిపోయింది.

ఇంజనీరు నావైపు తిరిగి ఏమన్నాడని అడిగాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను: తోట నుంచి వేరే ఆకు వచ్చిందట, తను గమనించలేదట, అమ్మగారిని క్షమించమంటున్నాడు. ఇంజనీరు తలాడించాడు. ముసలమ్మ ఏదో అంది. "నూరడం మాత్రం సరిగ్గా ఉందట, మంచి చెయ్యట" అన్నాడు ఇంజనీరు. నేను అది కాకాకి చెప్పాను. ఆయన ఆవిడకి దణ్ణం పెట్టి లోపలికెళ్ళాడు.

అలా ఇంజనీరుకి ఎప్పటికీ తెలియలేదు. ఉద్యోగం నిలబడింది. కానీ ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళిద్దరిదీ ఆయన వైపే.

కాసేపయ్యాక నేను వంటింట్లోకి వెళ్ళాను. ఆయన రోలు కడుగుతున్నాడు.

"ఏం వాసనన్నడు?"

"లవంగం వాసనట."

చెయ్యి ఆగింది. "తులసమ్మ సారూ అది" అన్నాడు. తడిచేతుల్తోనే లెంపలు వేసుకున్నాడు. "ఎల్లిగడ్డ ఏసి నూరిన."

తరవాత వారం బండి డ్రైవరు చెప్పాడు. బుధవారం మేకలు పడి మడి మొత్తం మేసేశాయట. నిజామాబాద్ మనిషి బావి దగ్గర డబ్బాల్లో పూజకి పెంచుకుంటున్న తులసి కోసి బుట్ట నింపాడట. అన్నీ తులసి జాతే కదా, మనవాడి మాట పోకూడదు కదా అని. అతనిది మంచి బుద్ధే.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. క్షమాపణ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. రోలు బోర్లించి, నా వైపు చూడకుండానే ఆయన అన్నాడు.

"నీకు పడిశమున్నదని నాకెర్కనే."

"ఎలా తెలుసు?"

"గొంతుల ఉండదా? బుధవారం నుంచే ఎర్క."

"మరి నన్నెందుకు అడిగావు బాబాయ్?"

"చెప్తవనుకున్న" అన్నాడు. "చెప్తే ఆకు పారబోసి ఇంకేదన్న వండుతుంటి. బ్రహ్మాండమంటివి. గంత గట్టిగంటే, ఏమో, జెరంత వాసన తగిలినట్టుందని నమ్మిన."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. గంటె తువ్వాల్లో చుట్టి గూట్లో పెట్టి రాత్రి వంటకి ఉల్లిపాయలు కోయడం మొదలుపెట్టాడు. ఆయనతో పాటు నేనూ కొన్ని కోశాను.

ఆ నెల ఉత్తరాల్లో సంగతి ఊరికి చేరింది. మెస్సులో మాత్రం ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. ఎవడైనా పళ్ళెం పట్టుకుని "కాకా, మాడుతలేదు గద?" అని ఆట పట్టిస్తే ఆయనా నవ్వేవాడు. కానీ గుండిగ మూత లేపి కళ్ళు మూసుకోవడం మానేశాడు. మూత తీసేవాడు, వడ్డించేవాడు. ఇంజనీరు పచ్చడికి మళ్ళీ ఆకు వచ్చేది. ఆకు నలిపి నాకు ఇస్తూనే ఉన్నాడు. నేను మూడుసార్లు చూసేవాణ్ణి. రెండేళ్ళ తరవాత ఆయన వెళ్ళిపోయాడు. సీబ్ విమానాశ్రయంలో తువ్వాలు మూట చంకలో పెట్టుకుని, "పైలం సారూ" అన్నాడు, జాగ్రత్త అని. అప్పుడైనా క్షమించమని చెప్పి ఉండాల్సింది.

ఇన్ని దసరాల్లో జగిత్యాల అతన్ని నేనెప్పుడూ ఒక ప్రశ్న అడగలేదు. ఊళ్ళో మళ్ళీ ఆయన్ని పెళ్ళిళ్ళకి పిలిచారా అని. లేదంటాడేమోనని భయం. మొన్న బుధవారం, ఇక భయపడ్డానికి ఆయనే లేడు గనక, అడిగాను.

"మొదలు మూడు నాలుగేండ్లు ఎవలు పిలువలే సారూ. గడప దాటకపోతుండె పాపం. ఒక పెండ్లికి వంటోడు రాలే. పందిట్ల మంది కూసున్నరు. ఇగ దిక్కులేక ఉరికొచ్చిండ్రు. కాకా ముందే చెప్పిండు, నాకు వాసన రాదు, మా ఇంటామెను ఎంట తెచ్చుకుంట అని. ఇగ అప్పటి నుంచి ఏ పెండ్లైనా ఇద్దరే. పొయ్యికాడ పీట ఏసుకుని ఆమె కూసుంటది. ఈన మూత తీస్తడు, ఆమె వాసన చెప్తది. మొన్నమొన్నటి దాక పిలిచిండ్రు."

నాకు ప్రాణం లేచొచ్చింది.

అతను అవతల నవ్వుతున్నాడు. "ఒకటే మాట సారూ. మూత తీసినప్పుడల్ల ముందుగాల అడుగుతడు, 'పడిశం గిట్ల లేదు గద? ఉంటే చెప్పు, సిగ్గువడకు' అని. ఎండకాలంల గూడ అడుగుతడు. ఆమె తిడుతుండె, పొద్దటి నుంచి ఎన్నిసార్లయ్యా అని. ఊరంత నవ్వుకునేది. అదేం అలవాటో, ఏడ వట్టుకొచ్చిండో ఎవలకు ఎర్కలే. నీకేమన్న ఎర్కనా సారూ?"

"ఎరుకే" అన్నాను. "ఆ రోజు పడిశం నాకు."